చివరి పుటలు లేని నవల

విజయనగరం, మిల్లు లైన్లు
14 ఫిబ్రవరి 1949

జీవరత్నం అత్తకు డేవిడ్‌రాజు వందనాలు.

ఒంట్లో బాగానే ఉంది. మిగతాదేదీ బాగాలేదు. నీ దగ్గు సంగతి, ఆసుపత్రి సంగతి తర్వాత అడుగుతాను. ముందు ఇది విను.

నిన్న గోవిందరావు గారిని చూశాను. మన గోవిందరావు గారినే, ‘ఎర్రగాజు దీపం’ రాసినాయన్ని. ఊళ్లో గ్రంథాలయం వార్షికోత్సవానికి ఆయన ఉపన్యాసం ఉందని గోడల మీద కాగితాలు అంటించారు. మిల్లులో మా మగ్గాల ఖాతాలో ఆ మాట చెప్పగానే అప్పలస్వామి మావ గడ్డం గీయించుకున్నాడు. దాలమ్మ కనకాంబరాల దండ కట్టింది. దాలమ్మ సంగతి నీకు తెలుసు కదా, ఆ నవల ఎన్నిసార్లు విన్నా జమీందారు చచ్చిపోయిన చోట ఏడుస్తుంది. ముగ్గురం వెళ్లి వెనక చాప మీద కూర్చున్నాం.

ఆయన ఆరడుగుల మనిషని, మీసాలుంటాయని ఇన్నాళ్లూ అనుకున్నాను. తీరా చూస్తే పొట్టిగా, సన్నగా, మెడకు మఫ్లరు చుట్టుకుని తపాలా గుమాస్తాలా ఉన్నాడు. మధ్యమధ్య సోడా తాగుతూ మాట్లాడాడు. కాని మాట మాత్రం మాటే. హంతకుణ్ణి మొదటి ప్రకరణంలోనే పాఠకుడి ఎదురుగా కూర్చోబెట్టాలట, చేతికి కాఫీ కూడా ఇప్పించాలట. నేను నోరు తెరుచుకుని విన్నాను.

నాకు అక్షరం వచ్చిందే ఆయన పుస్తకం వల్ల. ఆదివారం ప్రార్థన అయ్యాక, పాస్టరు గారి సైకిలు లైన్ల మలుపు తిరిగేదాకా ఆగి, నువ్వు బైబిలు పక్కన పెట్టి ఆ నవల తీసేదానివి. చదువు రానివాళ్లంతా నీ చుట్టూ చేరేవాళ్లు. నీ భుజం మీంచి చూసి చూసి నేను చదవడం నేర్చుకున్నాను, బడి గుమ్మం ఎక్కకుండానే. చివరి పుటలు చెదలు తినేశాయి కాబట్టి ఆఖరు నువ్వు నోటితో చెప్పేదానివి. పాలల్లో విషం కలిపింది దివాను, నేరం పడింది వంటవాడు వీరయ్య మీద, డిటెక్టివు భాస్కరం వచ్చి దివాను చేతులకు సంకెళ్లు వేయించాడు. నువ్వు శ్రీకాకుళంలో ఆయా పనికి వెళ్లిపోయాక ఆదివారాలు నేనే చదువుతున్నాను. ఆఖరు నీ మాటల్లోనే చెప్తున్నాను.

ఉపన్యాసం అయ్యాక ఎవరైనా ప్రశ్నలు అడగవచ్చన్నారు. ప్లీడర్లు, మేష్టర్లు ఇంగ్లీషు నవలల గురించి ఏదో అడిగారు. తర్వాత నేను లేచాను.

“అయ్యా, ‘ఎర్రగాజు దీపం’లో దివానే సంపినాడని మీకు ముందే తెలుసా, రాస్తా ఉంటే తెలిసిందా?”

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. “దివానా? నాయనా, చంపింది వంటవాడు వీరయ్య కదా” అన్నాడు.

కాదండి, దివానే అన్నాను. హాలంతా నవ్వింది. అప్పలస్వామి మావ నాకు సాయంగా లేచి, “బాబుగోరికి ఎన్నో పుస్తకాలు గదా, మరిసిపోనారు. దివానే బాబూ, మాకు బాగా తెలుసు” అన్నాడు. ఇంకా నవ్వారు. అధ్యక్షుడు ఒక ప్లీడరు. రాసినవాడికే పాఠం చెప్పే పాఠకులు ఈ ఊళ్లోనే ఉన్నారన్నాడు. గ్రంథాలయం చూసుకునే ఆయన బీరువాలోంచి ఆ నవల తెచ్చి, చదవడం వస్తే చదవమని నా చేతిలో పెట్టాడు.

దానికి చివరి పుటలున్నాయి అత్తా. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆ నవ్వుల మధ్యే నేను పైకి చదివాను. ‘అంతట వీరయ్య గడగడ వణకుచు భాస్కరముగారి పాదములపై బడి తన నేరము నొప్పుకొనెను.’ దివాను ఆఖరి పుటలో కొత్త జమీందారుకు పట్టాభిషేకం చేయిస్తున్నాడు.

వంటవాడే ఎందుకండీ అని అడిగాను. ఆయన వెటకారంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు. “వంటవాడైతే ఎవరికీ నొప్పి ఉండదు కదా నాయనా. దివాన్లు పుస్తకాలు కొంటారు, వంటవాళ్లు కొనరు.”

అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు నన్ను చూసి నవ్వుతూనే ఉన్నాడు. నేను బల్ల దగ్గరకు ఎప్పుడు వెళ్లానో నాకు తెలియదు. నా చేతిలో ఖాళీ సోడా సీసా ఉంది. అప్పలస్వామి మావ నా మణికట్టు పట్టుకుని బయటకు లాక్కొచ్చాడు. దాలమ్మ దండ తిరిగి తెచ్చేసి మేక మెడలో వేసింది. ఈడికన్నా ఇదే నయం, అడిగినా ఊరుకుంటాది అంది.

నీకు ఆ ఆఖరు చెప్పినవాళ్లు ఎవరు? వాళ్లు నిన్ను మోసం చేశారు.

డేవిడ్‌రాజు


శ్రీకాకుళం, మిషను ఆసుపత్రి
24 ఫిబ్రవరి

ప్రియమైన మేనల్లుడికి, ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలని కోరుతూ అత్త రాస్తున్నది.

జవాబు ఆలస్యమైంది. రథసప్తమికి అరసవల్లి వచ్చిన జనంలో చాలామందికి వాంతులు పట్టుకున్నాయి, ఇక్కడ మంచాలు చాలక వరండాలో చాపలు పరిచాం. నిలబడే అన్నం తింటున్నాను. దగ్గు తగ్గింది.

పుస్తకం సంగతి ఏముంది. రెండో అచ్చులో మార్చి ఉంటారు. నాకు ఆ పుస్తకం ఇచ్చిన మనిషి ఎలా చెప్పిందో నేను అలాగే చెప్పాను, ఆవిడ ఇప్పుడు లేదు. చెదలు తినేసినదాని గురించి ఇంత గొడవ దేనికి? నువ్వు లైన్లలో ఎలా చెప్తున్నావో అలాగే చెప్పుకో.

నాకు కష్టం కలిగించింది సోడా సీసా. ఆ ముక్క రెండుసార్లు చదివాను. నిన్ను చూసి నవ్వారు, అంతే కదా. నవ్వితే మనిషికి గాయం పడదు, సీసాతో పడుతుంది. మీ నాన్న ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు. ఆయన కొడుకువి, ఆయనలా ఉండు.

బియ్యం కార్డు మార్పించుకున్నావా?

నీ అత్త
జీవరత్నం


విజయనగరం
6 మార్చి

అత్తకు,

బియ్యం కార్డు మార్పించుకున్నాను. ఇక ఆ మాట అడక్కు.

ఆ పుస్తకానికి ఒకటే అచ్చు. గ్రంథాలయానికి మళ్లీ వెళ్లి అడిగి వచ్చాను, నన్ను చూసి మళ్లీ నవ్వారు, చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డాను. ఇంటికొచ్చి మన పుస్తకం ఎండలో పెట్టి కుట్టు దగ్గర చూశాను. చెదలు గీత గీసినట్టు తింటాయా? నాలుగు కాగితాలు బ్లేడుతో కోసి ఉన్నాయి. పక్కనున్న కాగితం మీద కూడా ఆ కోత పడింది. ఇన్నేళ్లు ఆ పుస్తకం తలకింద పెట్టుకుని పడుకున్నాను, ఒక్కసారీ అక్కడ చూడలేదు. నువ్వు చెదలంటే చెదలే అనుకున్నాను.

ఇంకో సంగతి మొదటి ఉత్తరంలో నీకు రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

అప్పలస్వామి మావ నన్ను బయటకు లాక్కొచ్చాక గోవిందరావు గారు తానే వరండాలోకి వచ్చాడు. జట్కా కోసం చూస్తున్నాడనుకున్నాను. నా దగ్గరకు వచ్చి, ఆ ముగింపు నీకు ఎవరు చెప్పారని అడిగాడు. మా అత్త అన్నాను. మొత్తం చెప్పించుకుని విన్నాడు. నేను రాసినదానికన్నా బాగుంది అన్నాడు. తర్వాత మఫ్లరు విప్పి మళ్లీ చుట్టుకుంటూ, ఎవరూ ఊరికే ముగింపు మార్చరు, ఎవరినో కాపాడాలంటేనే మారుస్తారు అన్నాడు. మెట్లు దిగబోతూ ఆగాడు.

“మీ అత్తకు వంటవాడు ఏమవుతాడు?”

నేను తల తిప్పుకుని వచ్చేశాను. నీకు అన్న అవుతాడు. నాకు నాన్న అవుతాడు.

ఆ రోజు నుంచి ఇదే నమిలి నమిలి చూస్తున్నాను. మా నాన్న గంగరాజు పార్వతీపురం వైపు ఒక కలప కాంట్రాక్టరు బంగళాలో వంటవాడు. కాంట్రాక్టరును చంపింది అతని మేనేజరు. నేరం మా నాన్న మీద పడింది. అప్పటికి నాకు నాలుగేళ్లు, అమ్మ అప్పటికే లేదు. నన్ను తీసుకుని నువ్వు ఈ లైన్లకు వచ్చేశావు. నాన్న రాజమండ్రి జైల్లో జ్వరం వచ్చి చచ్చిపోయాడు. ఇదే కదా నువ్వు నాకు చెప్పింది. ‘చేసినవాడు తెల్లబట్టలతో నిలబడ్డాడు, చెయ్యనివాడు మసిబట్టలతో నిలబడ్డాడు, పోలీసులు బట్టలు చూసి పట్టుకున్నారు.’ నాన్న గురించి చెప్పినప్పుడు ఈ మాట అనేదానివి. వీరయ్య గురించి చెప్పినప్పుడూ ఇదే మాట, అక్షరం తేడా లేదు. ఆదివారాలు అదే మాట నేను కూడా లైన్లలో చెప్పాను.

పుస్తకానికి ఆఖరు నువ్వు కల్పించావు. మా నాన్న కథకు ఆఖరు ఎవరు కల్పించారు?

నాకు పాస్టరు మాటలు వద్దు. వాంతులు విరేచనాల కబుర్లు వద్దు. ఒక్క ముక్క రాయి. మా నాన్న చంపాడా, చంపలేదా?

డేవిడ్‌రాజు


శ్రీకాకుళం
20 మార్చి

డేవిడ్,

చంపాడు.

ఒక్క ముక్క రాయమన్నావు, రాశాను. ఇక నేను చెప్పాల్సింది కూడా విను. కోపం వస్తే ఉత్తరం కింద పెట్టి కాసేపు లైన్ల చుట్టూ తిరిగి రా, చింపకు.

అందులో డిటెక్టివు కనిపెట్టాల్సింది ఏమీ లేదు. పట్టపగలు, మధ్యాహ్నం భోజనాల వేళ, పదిమంది ఉండగా జరిగింది. ఆ రోజు కాంట్రాక్టరు ఇంటికి అడవి ఆఫీసర్లు వచ్చారు. కూరలో ఉప్పు ఎక్కువైంది. అతను గిన్నె ఎత్తి అన్న ఒంటి మీద పోసి, నేల మీద పడింది ఎత్తుకు తినమన్నాడు. అన్న కింద కూర్చుని తిన్నాడు. వాళ్లు నవ్వారు. గిన్నె తీసుకుని వంటింట్లోకి వచ్చాడు, గిన్నె కడిగి బోర్లించాడు, రోకలి పట్టుకుని మళ్లీ వెళ్లాడు. ఆ పూట విందుకు అన్నకు సాయంగా వచ్చి నేను మసాలా నూరుతున్నాను. ఆగమని అనడానికి కూడా నాకు తోచలేదు, గిన్నె అంత నెమ్మదిగా కడిగాడు మరి. ఒక్క దెబ్బ. మేనేజరు ఆ పూట ఊళ్లోనే లేడు, పాపం అతనికి ఏమీ తెలియదు. ఇన్నేళ్లు నీ చేత అతన్ని తిట్టించాను.

ఆఫీసర్లు కోర్టుకు రామన్నారు. కాంట్రాక్టరు ఇంట్లో విందు తిన్నారని పైవాళ్లకు తెలుస్తుందని వాళ్ల భయం. పనివాళ్లు తలో మాట చెప్పారు. సరిగ్గా చూసినదాన్ని నేను ఒక్కదాన్నే మిగిలాను. నువ్వు పెరట్లో ఉన్నానని చెబితే చాలు, మీ అన్నను బయట పడేస్తానని మా ప్లీడరు చెప్పాడు. విశాఖపట్నం కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టించారు. ఆ పుస్తకం పట్టుకుని ఊరూరా తిరిగి చదివి వినిపించినదాన్ని. చూసింది చూసినట్టు చెప్పాను. నా అన్నకు యావజ్జీవం పడింది నా నోటి మాట మీద. అన్న బోనులోంచి నన్ను చూసి తల ఊపాడు. బాగానే చెప్పావన్నట్టు ఊపాడో, ఎందుకు చెప్పావన్నట్టు ఊపాడో ఇప్పటికీ అడగలేదు.

ఆ నిజం తప్పని నేను ఇప్పటికీ అనను. కాని దాని తర్వాత నీకు చెప్పినవన్నీ అబద్ధాలే, వాటినీ తప్పనను. లైన్లకు వచ్చిన ఏడాది నువ్వు గోళీలాటలో ఓడిపోయి ఒక పిల్లాడి తల రాతితో పగలగొట్టావు. కొట్టేముందు చేతులు దులుపుకున్నావు, నెమ్మదిగా. నీ కోపం ఎవరిదో నీకు తెలిస్తే దాన్ని నెత్తిన పెట్టుకుని పూజిస్తావని భయపడ్డాను. అందుకని చెయ్యెత్తని తండ్రిని ఒకణ్ణి తయారుచేసి నీకు ఇచ్చాను. తర్వాత ఈ నవల చేతికొచ్చింది, చివర చూస్తే వంటవాడు. నువ్వు పక్కనే కూర్చుని వీరయ్య తప్పించుకుంటాడా అత్తా అని అడుగుతున్నావు. ఆ రాత్రే కోసేశాను. నువ్వు నా చోట ఉంటే చదివేవాడివా?

ఇంకా ఉంది. కూర్చునే చదువు.

మీ నాన్న చచ్చిపోలేదు. తాను చచ్చిపోయినట్టు నీకు చెప్పమని జైలు నుంచి కబురు పెట్టింది ఆయనే. కిందటేడు వదిలేశారు. నేను శ్రీకాకుళం వచ్చింది ఆయా జీతానికి కాదు, ఆయన్ని దగ్గర పెట్టుకోవడానికి. ఇక్కడే ఉన్నాడు. రోగులకు గంజి కాస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు.

నీ ఉత్తరాలు నేను ఒక్కదాన్నే చదువుకోవడం లేదు. ఆయనకు చదువు రాదు, నేను చదివి వినిపిస్తాను. నీ ఫిబ్రవరి ఉత్తరం ఉన్నదున్నట్టు చదవలేదు. హాల్లో ఆ రచయిత నీ మాట ఒప్పుకుని, దివానే చంపాడని అందరి ముందూ చెప్పినట్టు చదివాను. అన్న చాలాసేపు సంతోషంగా కూర్చున్నాడు. మావోడు పెద్దోళ్ల సభలో లెగిసి మాటాడినాడన్నమాట అని పదిమంది రోగులకు చెప్పుకున్నాడు. సోడా సీసా మాట ఎత్తలేదు.

మార్చి ఉత్తరం కూడా మార్చి చదువుదామని మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయాను. నా ముఖం చూసి ఆయనకు అర్థమైంది.

“సెల్లీ, ఆడు సదువుకున్నోడు. ఉన్నది ఉన్నట్టు సదువు, ఉన్నది ఉన్నట్టు రాయి” అన్నాడు.

చదివాను. రాశాను. నీ జవాబు ఎలా ఉన్నా అలాగే చదువుతాను.

జీవరత్నం


కార్డు
శ్రీకాకుళం, 12 ఏప్రిల్

డేవిడ్, నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. తిట్టినా సరే, రాయి. టపా వేళకు ఆయన గంజి పొయ్యి వదిలేసి గేటు దగ్గరకు వస్తున్నాడు, మేట్రనమ్మ చేత చీవాట్లు తింటున్నాడు. ఉత్తరం రాలేదంటే, “రాకపోతే మానీ, మగ్గాల కాడ ఆడి సెయ్యి బాగుందో నేదో” అంటాడు, అంతే. నిన్న ఆసుపత్రికి మీ ఖాతా మనిషి ఒకడు వస్తే నువ్వు పనిలోకి వస్తున్నావని చెప్పాడు. ఆ మాట విన్నాకే మీ నాన్న అన్నం తిన్నాడు. అత్త.


విజయనగరం
18 ఏప్రిల్

అత్తకు,

ఇది ఆయనకు చదివి వినిపించు. ఒక్క మాట మార్చినా నాకు తెలిసిపోతుంది, ఎలా తెలుస్తుందో అడక్కు.

ముందు నీకు. నీ ఉత్తరం చింపలేదు. లైన్ల చుట్టూ తిరగమన్నావు, తిరిగాను, కోపం తగ్గలేదు. నువ్వు కోర్టులో చెప్పిన నిజం మీద నాకు కోపం లేదు. నాకు చెప్పిన అబద్ధం మీద ఉంది. నేను ఒక మనిషిని తలుచుకుని, ఆయన పుణ్యాత్ముడు కాబట్టి నేను కూడా అలా ఉండాలని, మేస్త్రీ చేత తన్నులు తిని ఊరుకున్న రోజులున్నాయి. ఆ మనిషి లేనే లేడు. చచ్చిపోయాడని ఏడ్చాను, ఆ చావూ లేదు. నా దగ్గర ఏం మిగిలింది?

మొన్న ఆదివారం లైన్లలో నిజం ఆఖరు చెప్పాను. గ్రంథాలయం పుస్తకంలోంచి చివరి పుటలు రాసుకొచ్చి చదివాను. హాల్లో నేను చదువుతుంటే అప్పలస్వామి మావ ఆ నవ్వుల గోలలో వినలేదట. ఇప్పుడు విని, “అయితే ఇన్నేళ్లు ఆ దివాన్ని ఉత్తినే తిట్టినానేటి?” అన్నాడు. కొందరు కోప్పడ్డారు. పాతదే చెప్పరా, అదే బాగుందన్నారు. అప్పుడు మా నాన్న సంగతి చెప్పాను. మా నాన్న కూడా వంటవాడే, ఆయన నిజంగానే చంపాడు, బతికే ఉన్నాడు అని చెప్పాను. తర్వాత దాలమ్మ నా పక్కకు జరిగి కూర్చుంది. “ఆ రోజు ఆయన అన్నం తిన్నాడేటి?” అని అడిగింది. నాకు తెలియదన్నాను. అలాంటిది అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

ఇక మిగతాది ఆయనకు.

నాన్నా,

ఈ మాట కాగితం మీద రాయడం ఇదే మొదటిసారి. రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నువ్వు చేసింది తప్పు. నిన్ను నేల మీంచి ఎత్తుకు తినమన్న మనిషిది కూడా తప్పే, కాని అతను చచ్చిపోయాడు, అతనికీ పిల్లలు ఉండే ఉంటారు. అత్త నీకు చదవకుండా వదిలేసిన సంగతి నేను చెప్తున్నాను. హాల్లో నన్ను చూసి నవ్వినప్పుడు నేను సోడా సీసా పట్టుకున్నాను. అధ్యక్షుడి తల నా చేతికి అందే దూరంలో ఉంది. అప్పలస్వామి మావ పట్టుకోకపోతే ఈ ఉత్తరం నీకు రాజమండ్రి నుంచి వచ్చేది. నిన్ను తిట్టాలని ఎన్నోసార్లు కాగితం తీశాను, తీసినప్పుడల్లా ఈ సీసా అడ్డం వచ్చింది. నీకు అడ్డం వచ్చి చెయ్యి పట్టుకునేవాడు ఆ రోజు ఎవడూ లేడు. అంతకన్నా తేడా నాకు కనబడలేదు. ఇది క్షమాపణ కాదు, నాకు ఇంకా కోపంగానే ఉంది.

నువ్వు చచ్చిపోయానని ఎందుకు చెప్పించావు? నా మంచికే అనకు. వేరే ఏదైనా చెప్పు, ఒప్పుకుంటాను.

శనివారం మిల్లు ఈల అయ్యాక రైలెక్కి ఆమదాలవలసలో దిగి బస్సులో వస్తాను. నువ్వు బస్సు దగ్గరకు రావద్దు. నీ ముఖం నాకు గుర్తు లేదు. జనంలో నిలబడి ఇందులో మా నాన్న ఎవడా అని వెతకడం నా వల్ల కాదు. ఇంట్లోనే ఉండు. అత్త వరండాలో కూర్చుంటుంది, నువ్వు చెప్తుంటే మధ్యలో ఒక్క మాట కూడా అందించకూడదు. జరిగింది మొదటినుంచి నీ నోటితోనే వినాలి.

నేను తలుపు కొడతాను. తీసేది నువ్వే కావాలి, అప్పుడు ఎవరో నాకు తెలుస్తుంది.

డేవిడ్‌రాజు